వీపు నిమిరితే పలికే కప్ప

నేను కప్పలు పట్టేటోణ్ణి. నవ్వకుండ్రి. సర్కారు నౌకరిల ఉండి కప్పలు పట్టినోళ్లు నల్లగొండ జిల్లా మొత్తంల ఎంతమంది ఉంటరో నాకు తెల్వదు గని, వాళ్లల్ల నేనొకణ్ణి. ఎల్లస్వామి అంటరు నన్ను. ఒక పెద్ద బడిల సైన్సు గదికి అటెండరును. ఏ బడి అని మాత్రం అడగొద్దు, అక్కడ ఇప్పటికీ పిల్లలు చదువుకుంటున్నరు. నిజాం కాలంల ఉర్దూల ఏడు జమాతులు చదివిన, తెలుగు రాత తర్వాత సొంతంగ దిద్దుకున్న. అక్షరం అటో ఇటో అయితే సదురుకొని చదువుండ్రి. మాటలకైతే నా దగ్గర కరువు లేదు. నేను నిద్రపోతే తప్ప ఇంట్ల చప్పుడు ఆగదని మా ఇంటిది అంటది. గీ ఒక్క సంగతి మాత్రం ఏడేండ్ల సంది ఆమెకు గూడ చెప్పలే.

సైన్సు గది బడికి వెనక కొసన ఉంటది. పొడుగు గది, మూడు కిటికీలు, నడుమ నల్లరాతి పలక పరిచిన బల్ల. తలుపు తీయంగనే ముందు స్పిరిటు వాసన కొడుతది. దాని కింద సీసాల్ల ఊరేసిన పాముల మందు వాసన, దాని కింద తొట్టిల ఉన్న కప్పల పచ్చి వాసన. వేరేటోళ్లు ముక్కు మూసుకునేది. నాకు గా గదంటే పాణం. పొద్దున తలుపు తీస్తే నా సొంత ఇల్లు తీసినట్టే ఉండేది.

అరవై ఒకటి వానకాలంల మా రఘుపతి సారు ఒక పని చేసిండు. సారు హైదరాబాదుల చదువుకొని వచ్చినోడు, సన్నటి మనిషి, కండ్లద్దాలు. బోర్డు మీద చాకుపీసుతోని మెదడు బొమ్మ గీసి పిల్లలకు చెప్పేది. చేప కాడికెల్లి మనిషి దాకా వెన్నెముక ఉన్న ప్రతి జీవికి మెదడు మూడు పాళ్లుగ ఉంటదట. వెనకది ఊపిరి చూసుకుంటది, నడుమది చూపు చూసుకుంటది, ముంగటిది వాసన పడుతది, అంతకంటె పెద్ద పని, ఏం చెయ్యాలె ఏం చెయ్యొద్దు అనుకునేది గూడ అదేనట. నేను కిటికీ కాడ సీసాలు తుడుసుకుంట అంతా వినేటోణ్ణి. మాట విన్నంక ఊకుంటనా, పోయి మా ఇంటి పక్కోళ్లందరికీ చెప్పొస్తుంటి.

పిల్లలకు చూపెట్టాలని సారు ఒక పెద్ద కప్పకు మందు వాసన చూపి పండబెట్టి, సన్న కత్తితోని దాని తల తెరిచి, పెసరగింజంత ముంగటి మెదడు తీసేసిండు. చస్తదనుకున్న. చావలే. మూడు రోజులకు గాయం మానింది. కప్ప బతికే ఉంది. కని ఎట్ల బతికింది... ఏ పళ్లెంల పెడితే ఆ పళ్లెంలనే, ఏ దిక్కు తిప్పితే ఆ దిక్కుకే, పొద్దటి నుంచి సాయంత్రం దాకా కూసునేది. ఈగ ముక్కు మీద వాలి నడిచినా నాలుక తీయలే. ఎల్లెలకల పడేస్తె తిప్పుకొని కూసుంటది. నీళ్లల్ల ఏస్తే ఒడ్డు తగిలేదాక ఈదుతది. పురుగును నోట్ల పెడితే మింగుతది. తనంత తాను మాత్రం ఏమీ చెయ్యది.

ఇంకొకటుంది. అది తనంత తాను అరవది. కని తడి వేలితోని మెడ కాడికెల్లి నడుము దాకా నిమిరితే "బెక్" అంటది. ఒక్కసారే. మళ్ల నిమిరితే మళ్ల ఒక్కసారి. నేను వంద సార్లు నిమిరిన, వంద సార్లు పలికింది. ఎందుకని సారును అడిగితే, ఆయన కండ్లద్దాలు తుడుసుకుంట, "నిమిరితే పలకాల్సిందే ఎల్లస్వామీ. పలకొద్దు అనుకునే జాగ మనమే తీసేసినం గద" అన్నడు.

గా కప్పంటె గాలయ్య కాకకు మస్తు ఇష్టం. గాలయ్య కాక మా బడికి రాత్రి వాచ్‌మెన్. కట్టంగూరాయన, అరవై ఏండ్లు దాటినయి, పొడుగ్గ ఉండి జర వంగి నడిచేది, వానకాలం చలికాలం అని లేదు, భుజాన నల్ల గొంగడి. సాయంత్రం డ్యూటీకి రాంగనే తొట్టిల వేలు ముంచి కప్ప వీపు నిమిరేది. అది బెక్ మంటె ఈయన కిలకిల నవ్వేది. "మా కోడలు పదిసార్లు పిలిస్తే ఒకసారి పలుకది. గీ తల్లిని చూడరా, ఎంత మర్యాదో" అనేది.

కప్పలు ఎక్కడ దొరుకుతయో కాకకే ఎరుక. వాన పడ్డ సాయంత్రాలు ఇద్దరం సంచి పట్టుకొని వరి మళ్లల్లకు పోయేటోళ్లం. ఆ సాయానికి నేను ఆయనకు అర సీసా సారా తెచ్చి కప్పల తొట్టి వెనక పెట్టేటోణ్ణి. పెట్టిన అని నేను అనను, తీసుకున్న అని ఆయన అనడు. పొద్దుగాల వచ్చి చూస్తే ఖాళీ సీసా కడిగి బోర్లించి ఉండేది. అప్పటికి రెండేండ్ల సంది గట్లనే నడుస్తుండె.

ఇగ చెప్పాల్సిన కాడికి వచ్చిన.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. స్పిరిటు రాస్తే తగ్గుతయని ఎవరో చెప్పిన్రు. దీపాలల్ల పోసే స్పిరిటు, తాగితే కండ్లు పోయే విషం, బీరువల తాళం కింద ఉంటది, తాళంచెవి నా దగ్గరనే ఉంటది. ఒకనాడు సాయంత్రం ఒక ఖాళీ సారా సీసాల కొంచెం పోసుకున్న. ఇంటికి తీసుకపోదామని చేతిల పట్టుకున్న. అంతల మా హెడ్మాస్టరు, పెద్దసారు, ఆఫీసు కాడికెల్లి పిలిచిండు. సీసా దాసి పోవాలె. నేను ఆలోచించలే. చేతికి ఏ జాగ అలవాటో ఆ జాగలనే పెట్టింది. తొట్టి వెనక.

ఆఫీసు కాడికెల్లి అటే ఇంటికి పోయిన. వాన పడుతుండె. యాదికే రాలే.

తెల్లారి వచ్చేసరికి గాలయ్య కాక వరండల గోడకు ఒరిగి కూసున్నడు. చూపు నా మీద లేదు, చెవి నా అడుగుల చప్పుడు దిక్కు ఉంది. "ఎల్లస్వామీ, పొద్దు పొడిచిందారా? నాకు మొత్తం తెల్లగ పొగమంచు తీరుగ అవుపడుతుంది" అన్నడు. ఎండ నిండ కొడుతుంది. తొట్టి దగ్గరికి ఉరికిన. సీసా కడిగి బోర్లించి ఉంది.

మూడు రోజులు దవాఖానల ఉన్నడు. డాక్టరు ఎవరిచ్చిన్రు, ఎక్కడిది అని అడిగిండు. నేను మంచం కాడనే నిలబడ్డ. కాక నా చెయ్యి పట్టుకొనే ఉన్నడు. "ఎవ్వరియ్యలే సారు. నేనే తాగిన" అన్నడు. మూడోనాటి సాయంత్రం ఆ చెయ్యి చల్లబడ్డది.

నేను ఏడ్చిన, అబద్ధం చెప్పను. కని ఏడ్సుకుంటనే బడికి వచ్చిన, రాయి తీసుకొని బీరువ తాళం పగలగొట్టిన. స్పిరిటు ఎట్ల బయటికి పోయిందని అడిగితే ఏదన్న చెప్పాలె గద. పెద్దసారు అడిగిండు. నేను తల వంచుకొని, కాక పగలగొట్టిండు కావొచ్చు సారూ అన్న. ఆయన కాయితం మీద రాసుకున్నడు. వాచ్‌మెన్ దొంగతనం చేసి తాగి చచ్చిండని.

కాక దినాలు అయిపోయినంక ఆయన భార్య భద్రమ్మ బడికి వచ్చింది. నేను చిన్నమ్మా అని పిలిచేటామె. లోపలికి రాలే, సైన్సు గది కిటికీ బయట నిలబడ్డది. ఏడుస్తలేదు. దినాల నాడు వండిన బువ్వ వండినట్టే ఉండిపోయిందట. సర్కారు బడిల దొంగతనం చేసినోని దినాల ముద్ద మేం ముట్టమని కులపోళ్లు గడప తొక్కలేదట. కులపోళ్లు ముద్ద తినకపోతే పోయినోడు పోడు, అక్కడిక్కడనే తిరుగుతడు అని మా దిక్కు అందరికి ఎరుకే.

"నీకు ఆయన సంగతి ఎరుకే గద కొడకా. దొంగ కాదు అని ఒక్క మాట చెప్పు. వచ్చి తింటరు. ఆయన తొవ్వ ఆయన పోతడు" అన్నది.

నేను సీసా తుడుసుకుంటున్న. "నాకేం తెల్వదు చిన్నమ్మా" అన్న.

ఆమె వెళ్లిపోయింది. గంత మాటల పోగును నేను, ఆ రోజు నా నోటికెల్లి మూడు మాటలే వచ్చినయి.

కొత్త వాచ్‌మెన్ వచ్చేదాక రాత్రి కావలి నువ్వే ఉండు అన్నడు పెద్దసారు. మొదటి రెండు రోజులు ఏం కాలే. మూడో రోజు పగటికెల్లి ముసురు. పొద్దు గూకకముందే చీకటైంది. ఆఫీసు వరండల కందీలు ముట్టించి, గాలయ్య కాక కూసునే బల్ల మీద కూసోబుద్ధి కాలే, పక్కకు నేల మీద కూసున్న. సైన్సు గదికి సాయంత్రమే కొత్త తాళం ఏసిన, తాళంచెవి మొలల ఉంది.

బయట కప్పలు జాతర చేస్తున్నయి. వందలు, వేలు. ఒక్కటే మోత. నాకు అలవాటే, ఇంపుగనే ఉంటది. తంబాకు నోట్లేసుకొని వింటున్న.

ఆ మోత ఒకసారి ఆగింది. కప్పలు ఒక్కోసారి అన్నీ కలిసి ఆగుతయి, మీకు ఎరుకే. ఆ నిశ్శబ్దంల...

"బెక్."

లోపలికెల్లి.

సైన్సు గదిల కప్పలు లేవు. తొట్టి ఆదివారమే ఖాళీ అయింది. ఉన్నది ఒక్కటే, పళ్లెంల, బల్ల మీద.

"బెక్."

ఊపిరి పీల్చి వదిలేంత సేపు.

"బెక్."

నా నోట్ల తంబాకు చేదైంది. అది తనంత తాను అరవది. నిమిరితేనే అరుస్తది. తలుపుకు తాళం ఉంది. తాళంచెవి నా దగ్గర ఉంది.

లోపల ఎవరో దాని వీపు నిమురుతున్నరు.

ఉరుకుదామనుకున్న. ఎందుకు ఉరకలేదో ఇప్పటికీ తెల్వదు. కందీలు పట్టుకొని పోయిన. తాళం తీస్తుంటే గూడ ఆగలే. బెక్... బెక్... తొందర లేదు. ముసలోళ్లు మనుమడిని ఆడిస్తరు సూడు, గట్ల.

తలుపు తెరిస్తే వాసన. స్పిరిటుది కాదు. తడిసిన గొంగడి వాసన.

కందీలు ఎత్తిన. గదిల ఎవ్వరు లేరు. కప్ప నా దిక్కే మొఖం పెట్టి కూసుంది. పొద్దున నేను కిటికీ దిక్కు తిప్పి పెట్టిన. చూస్తుంటనే దాని మెడ కాడ తోలు సొట్ట పడ్డది. వేలు ఒత్తితే పడ్డట్టు. ఆ సొట్ట మెల్లగ... మెల్లగ... నడుము దాకా జరిగింది. తోలు తడితోని మెరిసింది.

"బెక్."

"కాకా..." అన్న.

సొట్ట ఆగింది.

బయట కప్పలు అన్నీ ఊకున్నయి. వాన ఒక్కటే. తడి గొంగడి వాసన బల్లకు అవతలికెల్లి కదిలింది. బల్ల చుట్టు తిరిగింది. నా పక్కకు వచ్చింది. నా వెనక్కు వచ్చింది.

నేను తల తిప్పలే. తిప్పాలె అనుకున్న. తిప్పలే.

మెడ కాడ, అంగి లోపల, ఒక వేలు. సల్లగ. తడిగ. వీపు మీద మెల్లగ కిందికి జరిగింది.

"సీసా నాది. తాళం నేనే పగలగొట్టిన."

ఎవరు అన్నరు? నేనే. నా నోరే. నేను అనుకోలే, అనాలనుకోలే. నోరు తెరుచుకుంది, మాట వచ్చింది, నోరు మూసుకుంది.

మళ్ల వేలు.

"సీసా నాది. తాళం నేనే పగలగొట్టిన."

రెండు చేతులతోని నోరు మూసుకున్న. వేలు జరిగింది. చేతుల లోపలికెల్లి గదే మాట... మళ్ల... మళ్ల... కొట్టలే, గిచ్చలే, మెడ పిసకలే. ప్రేమగనే నిమిరిండు. గదే నాకు ఇప్పటికీ వణుకు. తర్వాత నాకు యాది లేదు.

పొద్దుగాల రఘుపతి సారు భుజం పట్టి ఊపితే తెలివి వచ్చింది. బల్ల ముంగట నేల మీద కూసున్న. కందీలు ఆరిపోయి ఉంది. గింతసేపటి సంది పిలుస్తున్న, కండ్లు తెరుచుకొనే ఉన్నవు, పలుకవేంది అన్నడు సారు. ఏదో చెప్పి లేచిన. సారు కప్ప వీపు నిమిరిండు. అది పలకలే. మళ్ల ఎన్నడూ పలకలే.

ఆ రోజే దొరికిన మొదటి బస్సు ఎక్కిన. నల్లగొండ కాడికెల్లి కట్టంగూరు ఇరవై మైళ్లకు తక్కువ లేదు, నకిరేకల్లుల బస్సు మారాలె. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు నోట్ల తిప్పుకున్న. చిన్నమ్మ కాళ్ల మీద పడాలె, ఆమెను తోలుకొచ్చి పెద్దసారు ముంగట గూడ ఒప్పుకోవాలె. నౌకరి పోతే పోనీ. నిజంగనే గట్ల అనుకున్న.

భద్రమ్మ చిన్నమ్మ వాకిట్ల పెద్ద పెద్ద గంజులు కడుగుతుంది. మూడు రాళ్ల పొయ్యి మీద ఎసరు కాగుతుంది. నన్ను చూసింది. కోపం లేదు. చేతిల గంజు మాత్రం కిందికి జారింది.

"ముంగటికెప్పుడొచ్చినవ్?" అన్నది.

ఇప్పుడే చిన్నమ్మా, బస్సు దిగి వస్తున్న అన్న.

ఆమె నా మొఖం చూసి, ఇంటి పక్కన కొట్టం దిక్కు చూసి, మళ్ల నా మొఖం చూసింది. తర్వాత మెల్లగ చెప్పింది. రాత్రి దీపం పెట్టినంక నేను వచ్చి ఆమె గడప ముంగట నిలబడ్డనట. వానల తడుస్తుంటే లోపలికి రమ్మన్నా కదలలేదట. చెయ్యి పట్టి నడిపిస్తే నడిచిన్నట, కూసోబెడితే కూసున్ననట. వీపు మీద చెయ్యి ఏస్తే తాళం సంగతి చెప్పిన్నట. ఆమె అప్పటికప్పుడే పోయి కులపెద్దలను లేపుకొచ్చిందట. అందరు వీపు నిమిరి నిమిరి విన్నరట. ఎన్నిసార్లు అడిగినా ఒక్కటే మాట. గందుకే ఇయ్యాల దినాల బువ్వ తింటమన్నరట.

"తినమని పళ్లెం పెడితే చెయ్యి ఎత్తలే. నేనే ముద్ద చేసి పెట్టిన. మింగినవు. కొట్టంల కూసోబెట్టి ఇప్పుడే వచ్చిన" అన్నది. గొంతు తగ్గించింది. "కొట్టానికి ఒక్కటే తలుపు. నేను దాని ముంగటనే ఉన్న. మరి... నువ్వెవలవు?"

నేను ఎల్లస్వామిని అని చెప్పాలె. గంత సులువైన మాట.

కొట్టంలకెల్లి ఒక గొంతు వినబడ్డది. దూడ ఏదో వాని వీపుకు ఒరుసుకున్నదేమో.

"సీసా నాది. తాళం నేనే పగలగొట్టిన."

నా గొంతు. నా దగ్గు గూడ, చివర్ల.

నేను ఉరికిన. రోడ్డు దాకా వెనక్కు చూడలే.

ఇప్పుడు అసలు తప్పు చెప్తున్న, వినుండ్రి. బస్సు ఎక్కినంక పాణం తేలికైంది. అక్కడ చెప్పుడు అయిపోయింది, కులపోళ్లు తింటున్నరు, కాక తొవ్వ కాక పోతడు, ఇగ నేను పెద్దసారు దగ్గరికి పోవుడు దేనికి? పోలేదు. నౌకరి నిలిచింది. గాలయ్య కాక దొంగ అని బడి కాయితంల ఇయ్యాల్టికీ ఉంది. ఊర్ల చెప్పింది నేను కాదు. వాడు చెప్పిండు.

ఆ తర్వాత ఏడేండ్లు మంచిగనే బతికిన. నవ్విన, నవ్విచ్చిన, మా ఊరి పెండ్లిళ్లల్ల నా చుట్టే మంది కూసునేది. కట్టంగూరు దిక్కు మాత్రం పోలే.

పోయిన నెల అక్కడికెల్లి మారయ్య అని ఒకాయన వెతుక్కుంట వచ్చిండు. భద్రమ్మ ఇంటి పక్కాయన. గడపల నన్ను చూడంగనే అడుగు వెనక్కు ఏసిండు, తర్వాత నవ్విండు. గింత పోలికనా అనుకున్న అన్నడు. భద్రమ్మ పోయిందని చెప్పిండు. దినాలు గూడ అయినయట.

"మీ తమ్మున్ని తీసుకపో అన్నా. ఏడేండ్లు ఆమెనే ముద్ద చేసి నోట్ల పెట్టింది. ఎవ్వల జోలికి పోడు పాపం. ఆమె పోయినంక ఇన్ని దినాలు మేం పెట్టినం, ఇగ మాకెవ్వలకు తీరుతలేదు" అన్నడు.

నాకు తమ్ముడు లేడు. వచ్చే ఆదివారం వస్త అని చెప్పి పంపిన. ఆదివారాలు నాలుగు పోయినయి.

మారయ్య వచ్చిపోయిన రోజు కాడికెల్లి నాకు ఆకలి ఆగుతలేదు. గంజు ఖాళీ చేసి లేచినా కడుపుల నిప్పు. గీ వయసుల గీ కొత్త ఆకలేందని మా ఇంటిది నవ్వుతది. నేను గూడ నవ్వుతున్న.

నిన్న సాయంత్రం పళ్లెం ముంగట కూసున్న. పేగులు మండుతున్నయి. బువ్వ మీదికెల్లి ఆవిరి లేస్తుంది, వాసన మాత్రం తెలుస్తలేదు. చెయ్యి లేపుదామనుకున్న. లేవలే. ఆవిరి ఆగిపోయేదాక గట్లనే చూస్తున్న. మా ఇంటిది వచ్చి, పని గిట్ల ఎక్కువైందా అని, ముద్ద చేసి నోట్ల పెట్టింది.

మింగిన.